తరలింపు బటన్ రాసింది నేనే

యుద్ధపు ఆటలకు చరిత్ర సమకూర్చడం నా ఉద్యోగం. ఇరవయ్యారేళ్ళు చేశాను. కంప్యూటర్ తెర మీద పెద్ద మ్యాపు పరిచి రాజ్యాలనూ సైన్యాలనూ ఓడలనూ నడిపించే ఆటలుంటాయి. ఒక్కో ఆట ముగియడానికి వారాలు పడుతుంది. ఏ దారిలో సైన్యం ఎంత వేగంగా నడవాలి, ముట్టడిలో కోట ఎన్ని నెలలు నిలవాలి, పంట పోతే ఆ రాజ్యానికి ఏమవ్వాలి అన్నవి ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. ఆఫీసులో వాటిని మెకానిక్స్ అంటారు. నేను నియమాలంటాను.

రిటైరయ్యాక ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాకు మెయిళ్ళు రాస్తున్నారు. ఆటలో చరిత్రను ఇంకా లోతుగా పెట్టాలంటే ఏం చదవాలి అంకుల్ అని అడుగుతున్నారు. చదవాల్సినవి మీరే వెతుక్కోగలరు. నాకు ఎలాంటి జీతాలొచ్చాయో, ఏ హోదాలొచ్చాయో కూడా మీకు అక్కర్లేదు. నాకు కోపంగా ఉంది, ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. అందులో సగం ఒక కంపెనీ మీద. మిగతా సగం నా మీద.

మూర్తిగారి ఉపవాసం

హైదరాబాద్‌లో నా మొదటి బాస్ మూర్తిగారు. సైన్యంలో సరుకుల సరఫరా విభాగంలో పనిచేసి వచ్చినాయన. మేం దక్కన్ సుల్తానుల కాలం మీద ఆట తయారుచేస్తున్నాం. నా నియమాల ప్రకారం గోల్కొండ నుంచి బయలుదేరిన సైన్యం శ్రావణమాసంలో ఎనిమిది రోజుల్లో కృష్ణ దాటేసింది. ఆయన నా కుర్చీ వెనక నిలబడి చూశాడు.

“ఏమయ్యా, ఇంతమంది ఏం తింటున్నారు?”

“ఆటలో తిండి లేదు సార్. బలం, వేగం అంతే.”

“నువ్వు మధ్యాహ్నం తిన్నావా?”

“తిన్నాను సార్.”

“రేపు తినకుండా రా. నీ బలమెంతో, వేగమెంతో చూద్దాం.”

నేను ఉపవాస ప్రార్థనల్లో పెరిగినవాణ్ణి. ఇదేం లెక్క అనుకుని, టీ కూడా తాగకుండా దర్జాగా వెళ్ళాను. పదకొండింటికి ఒక కూడిక తప్పు చేశాను. పన్నెండింటికి పక్క సీటు అమ్మాయి మీద అరిచాను. మూర్తిగారు ఇడ్లీ పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. “ప్రార్థన కోసం మానేసినవాడికీ, దొరక్క మానేసినవాడికీ తేడా ఉంది. నీ సైనికులు రెండో రకం. తిని రాయి” అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఎడ్ల గురించే చదివాను. ఆ రోజుల్లో వేలకొద్దీ ఎడ్ల మీద ధాన్యం వేసుకుని సైన్యాల వెంట నడిచింది లంబాడీలు. వాళ్ళు రాకపోతే ఏ సేనాపతి మగతనమూ పనిచెయ్యదు. ఆ ఎడ్ల మందల్ని ఆటలో పెట్టాం. ఆట నెమ్మదించిందని ఆడేవాళ్ళు మొదట తిట్టారు. తర్వాత వాళ్ళ యుద్ధాలే మారిపోయాయి. కోటల్ని వదిలేసి ఎడ్లదారుల్ని కాపాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరికీ పాఠం చెప్పకుండా నియమమే చెప్పింది. ఈ వృత్తిలో గొప్పతనం అనేది ఉంటే అది ఇదే. దాన్ని నాకు చూపించిన మనిషి మూర్తిగారు. అలాంటి బాస్ మళ్ళీ దొరకలేదు.

సున్నా

నేను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లో. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి హాడో వార్ఫులో క్రేన్ నడిపాడు. నా భార్యకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో నేనూ హాడోకి తిరిగొచ్చి ఇంటి నుంచే పని మొదలుపెట్టాను. సముద్రం కింద కేబుల్ ఇంకా పడలేదు. నెట్ ఎంత నెమ్మదంటే, చేసిన పనిని హార్డ్ డిస్కులో వేసి, మెయిన్‌లాండ్ వెళ్ళే ఎవరో ఒకరి చేతిలో పెట్టి విమానమెక్కించేవాణ్ణి.

అప్పటికి కంపెనీ మారింది. కొత్త బాస్ కిశోర్, నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. తెలివైనవాడు, మర్యాదస్తుడు. బంగాళాఖాతంలో రెండో ప్రపంచయుద్ధం మీద పెద్ద ఆట మొదలైంది. మ్యాపు నా దగ్గరికి వచ్చిన రోజు మొదట మా దీవుల్ని వెతుక్కున్నాను. ఓడరేవు ఒకటి, విమానాల మైదానం ఒకటి. జనాభా ఎదురుగా సున్నా.

ఫోన్ చేశాను. “ఈ సున్నా ఎవరు పెట్టారండీ?”

“బ్యాలెన్స్ కోసం ప్రసాద్ గారూ. చిన్న ఐలాండ్స్ అన్నిటికీ సున్నానే. ప్లేయర్ వాటిని బేస్‌లాగా వాడుకుంటాడు, అంతే.”

“నేను మాట్లాడుతున్నది ఆ సున్నాలోంచే.”

ఆయన నవ్వాడు. “అయితే మీరే నింపండి. అండమాన్ మొత్తం మీకే ఇచ్చేస్తున్నా.”

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. మన దీవుల కథను లోకానికి చూపించే పని దేవుడు నా చేతికిచ్చాడని చెప్పాను. ఆమెన్ అన్నారందరూ. నాకు చాలా బాగుండింది. ఆ బాగుండటం ఇప్పుడు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

పచ్చ రంగు

జపాన్ సైన్యం ఇక్కడున్న మూడేళ్ళ పైచిలుకులో, ముఖ్యంగా చివర్లో, మెయిన్‌లాండ్ నుంచి ఓడలు లేవు. ఓడ లేకపోతే బియ్యం లేదు. ఇప్పటికీ షిప్పు నాలుగు రోజులు లేటయితే ఇక్కడ బంగాళాదుంప ఏ ధర పలుకుతుందో మా ఇళ్ళల్లో చంటిపిల్లకి కూడా తెలుసు. కాబట్టి నాకు రాయడం తేలికైంది. దీవిలో ఉన్న బియ్యం ఇంత, తినే నోళ్ళు ఇన్ని. పనిచేసే నోళ్ళు, పనిచెయ్యలేని నోళ్ళు. ఓడ రాని ప్రతి వారం బియ్యం తరుగుతుంది. దీవి ఎవరి చేతిలో ఉంటే ఆ ఆటగాడు ఏదో ఒకటి చెయ్యాలి.

మూడు దారులిచ్చాను. రేషన్ తగ్గించడం, పట్నంవాళ్ళని పొలాలకి తోలడం, తరలింపు. మూడోది నొక్కితే పనిచెయ్యలేనివాళ్ళని పడవలెక్కించి మనుషుల్లేని దీవికి పంపేస్తారు. ఇది నా ఊహ కాదు, అలా పంపారు. తిరిగొచ్చినవాళ్ళు బహు కొద్దిమంది.

జరిగిందే కదా రాశాను అనుకున్నాను. ఆ మాట మీ నోట వస్తే, ఈ వయసులోనైనా మీ ఆఫీసుకొచ్చి మీతో పోట్లాడతాను. ఎందుకంటే జరిగినదాన్ని రాసి నేను ఊరుకోలేదు. దానికి ఫలితం రాశాను. ఆ బటన్ నొక్కగానే తినే నోళ్ళు తగ్గి, బియ్యం ఇంకా ఎన్ని వారాలొస్తుందో చెప్పే అంకె పెరిగేది. పెరిగిన అంకె పచ్చగా మెరిసేది. ఆ పచ్చ రంగు ఎంచింది కూడా నేనే.

బైబిల్లో గొర్రెలు కాసి రాజైనవాడు తన జనాన్ని లెక్కపెట్టించి దేవుడి కోపానికి గురైన అధ్యాయం నేను పదేళ్ళప్పుడు సండే స్కూల్లో అప్పజెప్పాను. లెక్కపెట్టడంలో పాపమేముందని టీచర్ని విసిగించాను. నలభయ్యేళ్ళ తర్వాత కూడా నాకు అర్థం కాలేదు.

సంతోషమ్మ పెద్దమ్మ

మా చర్చిలో ఆడవాళ్ళు వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం దాన్ని గుడ్డసంచిలో తెచ్చి బల్ల ముందున్న బిందెలో పోస్తారు. ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగడం కష్టంగా ఉందో వాళ్ళకి చేరుతుంది. ఎవరికి వెళ్ళిందో పైకి చెప్పరు. ఆ బిందెకి కాపలా సంతోషమ్మ పెద్దమ్మ. నాకు చుట్టం కాదు, చర్చిలో అందరికీ పెద్దమ్మే. తుష్నాబాద్ నుంచి బస్సులో వస్తుంది. అప్పటికి ఎనభై దాటింది. జపాన్ సైన్యమున్న ఆ ఆకలికాలంలో ఆమె ఎనిమిదేళ్ళ పిల్ల.

నా పని సరిచూసుకుందామని, నిజం చెప్పాలంటే మెప్పు పొందుదామని, ఆరాధన అయ్యాక లాప్‌టాప్ ఆమె ముందు పెట్టాను.

“అబ్బో, మా పెసాదు సినిమా ఏస్తన్నాడు” అంది పక్కనున్న ఆడవాళ్ళతో. కళ్ళద్దాలు సర్దుకుని, “ఇది మన రేవేనా? ఇంత సన్నంగా ఉంది! భయ్యా, మన ద్వీప్‌కి కూడా రేషన్ కట్ చేసినావేటి?” అని వేళాకోళమాడింది.

తెరమీది ఒక్కొక్కటీ చూపించాను. ఆమె వేలు తరలింపు దగ్గర ఆగింది.

“ఈ బటన్ ఏటి?”

“పనిచెయ్యలేనివాళ్ళని పంపించేది పెద్దమ్మా. ముసలివాళ్ళు, జబ్బువాళ్ళు.”

“నొక్కితే ఏటవుద్ది?”

“బియ్యం మిగుల్తుంది.” నొక్కి చూపించాను కూడా. అంకె పచ్చగా మెరిసింది.

ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“మా నాయినమ్మని ఇలాగే పడవెక్కించేసినారు” అంది. “కాలు ఇరిగిపోయి మూల కూకునుండేది. పనికి రాదన్నారు. బియ్యం మిగుల్తాదనుకున్నార్రా పెసాదూ ఆళ్ళు కూడా. మిగల్నేదు.”

“అంటే?”

“అప్పుడు బియ్యం ఎక్కడిది? సబ్ ఖతమ్. పాకలోళ్ళందరం అడివి దుంపలు తిన్నాం. కొన్ని దుంపలు ఉత్తినే ఉడకేసుకోడానికి నేదు, గొంతు వాసిపోద్ది. ముక్కలు కోసి, పారే నీళ్ళల్లో మూడ్రోజులుంచాల. ఏది మంచిదో, ఏది ఇసమో మా నాయినమ్మకే ఎరిక. అందరూ తెచ్చి దాని ముందర పోసీవోరు. అది ఇరిచి, నాలికకి తగిలించి చెప్పేది. పాకకో గుప్పెడు ఎండబెట్టిన దుంప ముక్కలు దాని కాడే దాచీవోరు, జొరమొచ్చినోళ్ళకని. అది ఎల్లిపోనాక ఎవలు చెప్తారు? రెండు వారాలకి మా వరసలో సగం మంది వాంతులు. పనికెల్లే మగోళ్ళే పడిపోనారు.” ఆమె లాప్‌టాప్ మూత తనే మూసింది. “నీ డబ్బాలో మా నాయినమ్మ ఏటని రాసుంది? ఖాళీ తినీ నోరేనా?”

ఆమె సంచి భుజాన వేసుకుని లేచింది. “తీయించెయ్ దాన్ని. తీయించీదాకా నాకు చూపించకు” అంది.

ఆ రోజు హాడో దాకా నడిచే వచ్చాను. సిగ్గు ఒకవైపు. రెండోవైపు, ఈ వృత్తిలో ఉన్నవాడిగా ఇంకో సంగతి తగిలింది. నా నియమం దుర్మార్గమే కాదు, తప్పు కూడా. దీవిని పట్టుకున్న సైన్యం ఏ లెక్క వేసిందో, డెబ్బయ్యేళ్ళ తర్వాత నేను కుర్చీలో కూర్చుని అదే లెక్క వేసి, దానికి సరి అని గుర్తు పెట్టాను. సైన్యం కాగితాల్లో చరిత్ర వెతికితే సైన్యం కళ్ళే వస్తాయి. దుంపల గురించి ఆ కాగితాల్లో ఉండదు.

గుప్పెడు

మూడు వారాలు కూర్చుని తిరగరాశాను. ప్రతి పాకల వరసలోనూ ఆటగాడికి కనబడని నిల్వ ఒకటి పెట్టాను. పేరు గుప్పెడు. అది పెద్దవాళ్ళ దగ్గర ఉంటుంది. తరలింపు నొక్కితే బియ్యం అంకె మొదట పెరుగుతుంది, పచ్చగానే మెరుస్తుంది. రెండు వారాలకి జబ్బులు మొదలవుతాయి. పనివాళ్ళు పడిపోతారు. విమానాల మైదానం పని ఆగిపోతుంది. ఎందుకో తెర మీద ఎక్కడా కనబడదు.

నేను రాసిన నియమాలన్నిటిలో మంచిది అదే. మూర్తిగారు బతికుంటే ఇడ్లీ కొనిపెట్టేవాడు.

కిశోర్ ఫోన్ చేశాడు. “టెస్టర్లు గోల పెడుతున్నారండీ. తరలింపు నొక్కితే ఐలాండ్ కొలాప్స్ అయిపోతోందట. రీజన్ ఎక్కడా చూపించట్లేదట.”

“చూపించదు. ఆ సైన్యానికీ తెలియలేదు.”

“ప్లేయర్‌కి కనబడని రూల్‌ని వాళ్ళు బగ్ అంటారండీ.”

“బగ్ ముందున్నది. ఇప్పుడు సరిచేశాను.”

“ప్రసాద్ గారూ, ఆ బటన్ మన టెస్టర్లకి ముందు ఎంత నచ్చిందో తెలుసా? ఒక్క క్లిక్‌తో ఐలాండ్ సేఫ్ అని ఒకబ్బాయి వీడియో కూడా చేశాడు. పోనీ ఒక పని చేద్దాం. మీ రూల్‌ని సెట్టింగ్స్‌లో పెడదాం. డీప్ హిస్టరీ అని. కావాలనుకున్నవాళ్ళు ఆన్ చేసుకుంటారు.”

ఆ వీడియో మాట విన్నాక నాకు చెవులు పనిచెయ్యలేదు. “మా పెద్దమ్మ నాయనమ్మ మీ సెట్టింగ్స్‌లో ఉండదు!” అని అరిచాను. “బటన్ తీసెయ్యండి. లేదంటే నా నియమం అందరికీ పెట్టండి. రెండూ కాకపోతే ఆట చివర్లో నా పేరు తీసెయ్యండి.”

“మూడోది ఈజీ అండీ” అన్నాడాయన.

అదే జరిగింది. గుప్పెడు పోయింది. బటన్ ఉంది. పచ్చ రంగు ఉంది.

కిశోర్ చెడ్డవాడని మీకు చెబితే నాకు సుఖంగా ఉండేది. కానీ ఆయన ఆటని అమ్మాల్సినవాడు, అమ్మే మార్గం చూశాడు. ఆటలంటే సరదా కదా, ఇంత రాద్ధాంతమెందుకని అడిగే పెద్దమనుషుల మీద నాకు ఇంకా ఎక్కువ కోపం. సరదాగా వేలమంది చేత ఏ పని చేయిస్తున్నామో చూసుకోవద్దా? ఇక నా సంగతి. సెట్టింగ్స్‌లో పెడతానన్నప్పుడు ఒప్పుకుని ఉంటే కొందరైనా దాన్ని ఆన్ చేసేవారు. కొందరికైనా ఆ పచ్చ అంకె వెనకేముందో తెలిసేది. నేను నా చేతులు కడుక్కోవడం చూసుకున్నాను. నిర్దోషిని సిలువకి అప్పగించి, గిన్నెడు నీళ్ళు తెప్పించి అందరి ముందు చేతులు కడుక్కున్న అధికారి కథ ప్రతి గుడ్ ఫ్రైడేకీ వింటూనే ఉన్నాను, అయినా అదే చేశాను.

పేరు

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ మళ్ళీ లేచాను. అంతకుముందు నిలబడి గొప్పలు చెప్పుకున్నది ఆ చోటనే కాబట్టి, ఓడిపోయానని కూడా అక్కడే చెప్పాను. ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బిందెలో బియ్యం పోశారు. కూటం ముగిశాక సంతోషమ్మ పెద్దమ్మ చెయ్యూపి పిలిచింది.

“తీయించినావా?”

“లేదు పెద్దమ్మా. బటన్ ఉండిపోయింది. నా పేరు మాత్రం తీయించేశాను.”

“నీ పేరెందుకు?”

“ఆ పాపంలో నాకు భాగం వద్దని.”

“అచ్ఛా.” బిందె మీద మూత పెట్టింది. “బటన్ ఎవలు రాసినారు?”

“నేనే.”

“మా నాయినమ్మని పడవెక్కించినోడి పేరు ఎవలికీ మాలూమ్ నై. కాయితం మీద నేదు, ఎక్కడా నేదు. మా అమ్మ సచ్చిపోయీదాకా అడిగింది. ఎవల్ని అడుగుతాది? గోడనడుగుతాదా?” గొంతు పెరిగింది. చర్చి బయట చెప్పులేసుకుంటున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. “నువ్వు కూడా పేరు తీయించుకుని సాఫ్‌గా ఎలిపోతావేటి? ఉండనీ నీ పేరు. రేపు నా మనవరాలు ఆడి, ఇదెవడు రాసినాడని అడిగితే, నువ్వుండాల జవాబు చెప్పడానికి. ఫోన్ చెయ్.”

ఆమె చూస్తుండగానే, చర్చి మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. నా పేరు ఉంచమని కిశోర్‌తో చెప్పాను.

“హమ్మయ్య. చల్లబడ్డారన్నమాట” అన్నాడాయన.

“చల్లబడలేదు. పేరు మాత్రం ఉంచండి.”

ఆట ఇప్పటికీ అమ్ముడవుతోంది. ముగిశాక జరిగే పేర్ల వరసలో చరిత్ర అన్న మాట పక్కన ఉన్నది నేనే. ఈ పనిలోకి వచ్చే మీకు నేను చెప్పగలిగింది ఇంతే. మీరు రాసే ప్రతి నియమానికీ ఎవరో ఒకరి నాయనమ్మ ఉంటుంది. ఆమె మనవరాలి ముందు నిలబడి చెప్పలేని నియమం రాయకండి. రాసేస్తే మాత్రం పేరు తీయించుకోకండి.

అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పేరు చూసి, వెతికి పట్టుకుని ఫోన్ చేస్తారు. పోయిన వారం ఒక కాలేజీ అమ్మాయి చేసింది. “అంకుల్, వో బటన్ ఆప్‌నే బనాయా థా?” అంది, ఆ బటన్ చేసింది మీరేనా అని. అవునన్నాను. బియ్యం ఎలా మిగులుతుందని అడగబోయింది కాబోలు. నేను దుంపల దగ్గర మొదలుపెట్టాను. ముక్కలు కోసి, పారే నీళ్ళల్లో మూడు రోజులుంచాలమ్మా, అది ఎవరికి తెలుసంటే, అని.